పటం అద్దంలో వసుంధర గారు

వసుంధర గారు పోయారని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పాప నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తున్నాను. "తెల్లారేసరికి అక్క లేదమ్మా. నిద్దర్లోనే పోయినాది," అన్నారు. ఆయనే మళ్లీ అందుకున్నారు. "పటం కట్టించాల. నీ దగ్గర అక్క ఫొటో ఏమన్నా ఉండాదా?" ఉంటుందన్నాను. నాలుగేళ్లు కెమెరా పట్టుకుని ఆమె వెంట తిరిగినదాన్ని, ఎందుకుండదు?

నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు చరిత్ర చెప్పారు. పదవీ విరమణ చేశాక పూర్తిగా ఒకే పనిలో మునిగిపోయారు. ఒకప్పుడు ఓడలెక్కి రంగూన్‌కూ మలయాకూ కూలికి వెళ్లిన మన తీరం మనుషులు అక్కడి స్టూడియోల్లో తీయించుకున్న ఫొటోలను ఊరూరా వెతికి, వాటి గురించి రాసుకునేవారు. "వాళ్లచేత వేలిముద్రలు వేయించుకున్న కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. తాము ఎట్టా కనబడాలనుకున్నారో వాళ్లే చెప్పుకున్నది ఈ ఫొటోల్లోనే," అనేవారు. వెనుక తెర మీద రాజమహలు మెట్లు, కాళ్లకు చెప్పులు లేని మనిషి, వాచీ కనబడేలా ముందుకు పెట్టిన చెయ్యి. ఆ చేతిని ఎంతసేపు చూసేవారో!

ఇళ్లలోని ఆ పటాలకు నేను ఫొటోలు తీసేదాన్ని. ఈ పనిలో ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. పటాన్ని ఇంటివాళ్లే మేకు నుంచి దించాలి. గడప దాటించకూడదు. ఇందులో ఉన్నదెవరని ముందే అడగకూడదు, ఈ పటానికి ఏ రోజున ఏం చేస్తారని అడగాలి. ఫొటో తీసేటప్పుడు అద్దంలో మన నీడ పడకూడదు. పడితే, "నేను పడినాను, తీసెయ్యి. చూడాల్సింది నన్ను కాదు," అనేవారు.

తోటపల్లి గూడూరు అవతల ఒక పల్లెలో చెంగమ్మ అనే ముసలామె తన తల్లి పటం దించి ఇచ్చింది. రంగూన్‌లో తీసిన ఫొటో అది. అద్దం మీద ఎర్రగా, దళసరిగా ఏదో పేరుకుని మొహం కనబడటం లేదు. ఫొటో బాగా రావాలని చున్నీ కొంగు తడిపి నేను అద్దం తుడిచేశాను.

"అయ్యో, మా అమ్మ బొట్టు తుడిచేసినావేందే పిల్లా!" అని చెంగమ్మ గుండెలు బాదుకుంది.

తల్లి పోయిన రోజు వచ్చినప్పుడల్లా, పాత కుంకుమ తీయకుండా దాని మీదే కొత్త బొట్టు పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఆమె పెట్టిన బొట్లన్నీ నా చున్నీకి అంటుకుని ఉన్నాయి.

వసుంధర గారు నన్ను ఒక్క మాట అనలేదు. లేచి చెంగమ్మ రెండు చేతులూ పట్టుకుని తప్పయిందన్నారు. తరువాత నోట్‌బుక్కు నా చేతికిచ్చి, "రాయి. ఇన్నేళ్ల కుంకుమ ఈ రోజు మన చేతుల్లో పోయినాదని రాయి. చెరిపిన సంగతి కూడా మన పనిలోనే చేరాల," అన్నారు. నా పేరు రాయించలేదు. "మన" అనే రాయించారు. రాసి, ఆ పటం ఫొటో తీశాను. "నేను పడినానే, తీసెయ్యి," అన్నారు. ఆ కంగారులో తీసెయ్యడం మరిచిపోయాను.

పెళ్లయి ముత్తుకూరు వచ్చాక, పాప పుట్టాక, నేను ఆ పనికి దూరమయ్యాను. మా ఆయన ప్లాంటు డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేనూ, పాపా. పాప దగ్గినా భయం, మరీ ఎక్కువసేపు నిద్రపోయినా భయం. మధ్యాహ్నం పూట ఫోన్ చేసి "అన్నం తిన్నావా?" అని నన్ను అడిగే మనిషి ఆమె ఒక్కరే. ఆఖరిసారి ఆమె ఫోన్ చేసినప్పుడు పాపకు జ్వరం మొదలైంది, తీయలేదు. "బిడ్డకు తగ్గినాక చెయ్యి, తొందరేం లేదు," అని మెసేజ్ పెట్టారు. నేను చేయలేదు. ఇప్పుడు మధ్యాహ్నం ఆ వేళకు ఫోన్ వైపు చూస్తాను.

ఆమె ఫొటో కోసం నా దగ్గరున్న వందల బొమ్మలు వెతికాను. అన్నీ ఎవరెవరి పటాలో. ఎంతోమంది మొహాలు నిలబెట్టిన మనిషికి మొహం లేకుండా పోతుందేమోనని ఏడుపొచ్చింది. చివరికి చెంగమ్మ తల్లి పటం దగ్గర ఆగాను. నేను కుంకుమ తుడిచినచోట, శుభ్రమైన అద్దంలో, కళ్లజోడు పైకి తోసుకుని వంగి చూస్తున్న వసుంధర గారు ఉన్నారు.

పంపిస్తే తమ్ముడు గారు, "అక్క చక్కంగా ఉండాది. వెనకాల ఎవరో ఆడమనిషి ఉండాదే, స్టూడియోలో తీసేయమంటాలే," అన్నారు.

"తీయించొద్దు, అన్నా. ఆమె కోసమే అక్క అట్టా వంగి చూస్తా ఉండేది," అన్నాను.

పెద్దకర్మ రోజు పాపను ఎత్తుకుని వెళ్లాను. కబురందుకుని చెంగమ్మ కూడా బస్సులో వచ్చింది. పటాన్ని చాలాసేపు చూసి, "మా అమ్మ కాడికే పోయినావా, టీచరమ్మా," అంది. వేలితో కుంకుమ తీసి పటంలోని ఇద్దరి నుదుటా పెట్టింది. ఆ ఎరుపు చూసి పాప ఎగిరి అద్దం మీదికి చెయ్యి చాపింది.

"బిడ్డ చెయ్యి పట్టుకో మే, నీ పోలికే వచ్చినాది!" అంది చెంగమ్మ.

పట్టుకున్నాను. ఆ మాటకు అందరికంటే ముందు నవ్వాల్సిన మనిషి పటంలో ఉన్నారు. పాప చేతిని నా చేతిలోనే ఉంచుకుని ఆమెకు నమస్కారం పెట్టాను.