అల్లుడుగారికి ఐస్‌క్రీమ్ ఇష్టమట

ఈ కథలో నా దవడ బూరెలా పొంగుతుంది. ముందే చెప్పేస్తున్నాను, గుండె చిక్కబట్టుకుని చదవండి. దానికి కారణం పరాయివాళ్ల పగ కాదు, మా మావగారి ప్రేమ.

పెళ్లయిన మొదటి వేసవి. మేము కాపురం పెట్టింది భవానీపురంలో, అత్తవారు ఉండేది పటమటలో. ఒక ఆదివారం మావగారు అందరినీ తన కారులో బందరు సముద్రానికి బయల్దేరదీశారు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఏసీ గాలంతా నా మొహానికే తిప్పి, వెనక ఉన్న అత్తగారినీ మా ఆవిడ లావణ్యనీ ఉక్కకు వదిలేశారు. అల్లుడి మర్యాదంటే అదే మరి. నేనా, ఒట్టి మొహమాటస్తుణ్ణి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన "ఏం కావాలి బాబూ?" అనడం, నేను "ఏం వద్దండీ" అనడం, మా ఇద్దరి సంభాషణ అంతే.

కంకిపాడు దాటుతుండగా, మావగారు లారీకి హారన్ కొడుతున్న సందు చూసి లావణ్య వెనక నుంచి నా భుజం గిల్లింది.

"ఏమండీ, ఐస్‌క్రీమ్ తినాలనుందని అనండి."

"నా పన్ను సంగతి తెలిసి కూడానా?" అన్నాను గుసగుసగా. పంటికి రూట్ కెనాల్ సగంలో ఉంది. చల్లటిది తగిలితే ప్రాణం పోయొచ్చేది.

"మీరు తినొద్దు. అడగండి చాలు, నేను తింటా. నేనడిగితే నాన్న టాన్సిల్స్ అంటారు."

కొత్త పెళ్లాం కోరిక. కాదంటే బతకగలనా? గొంతు సవరించుకుని, "మావయ్యగారూ, ఎక్కడైనా ఐస్‌క్రీమ్ కనబడితే..." అన్నానో లేదో, అంబులెన్సుకు దారిచ్చినంత కంగారుగా ఆయన కారు పక్కకు తీశారు.

"విన్నావా? అల్లుడుగారు నోరు తెరిచి అడిగారు!" అని అత్తగారితో అంటూనే ఎండలో పరుగు పరుగున వెళ్లి, రెండు చేతులా రెండు పెద్ద కప్పులతో వచ్చారు. రెండూ నాకే.

"లావణ్యకో?" అన్నాను ఆశగా.

"దానికి టాన్సిల్స్ బాబూ. చిన్నప్పట్నుంచీ చల్లటివి పడవు. మీరు కానివ్వండి."

కానివ్వండి అని ఊరుకోలేదు. కిటికీ పక్కనే నిలబడి, పరీక్ష రాసే పిల్లాణ్ణి చూసినట్టు నన్నే చూస్తున్నారు. మొదటి చెంచాకే పంటి నుంచి నడినెత్తి దాకా కరెంటు పాకింది. అద్దంలో లావణ్య చూపులు నన్ను కాల్చేస్తున్నాయి.

ఉయ్యూరులో ఆయనే ఆపారు.

"వద్దండీ మావయ్యగారూ."

"మొహమాటపడకండి."

"నిజంగా వద్దండీ!"

"అదే, ఆ మొహమాటమే వద్దంటున్నా."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా కృష్ణా జిల్లాలో అల్లుడు వద్దంటే వద్దని కాదు, ఇంకాస్త బతిమాలమని. విస్తరి మీద అడ్డంగా పడుకున్నా వీపు మీద అరిసె వేసేస్తారు.

పామర్రులో కోను వచ్చింది. కొరికాను. కళ్లంట బొటబొటా నీళ్లు కారాయి. అది చూసి మావగారు తన కళ్లూ తుడుచుకున్నారు.

"ఇన్నాళ్లూ నాకొకటే దిగులు బాబూ," అన్నారు. "మీరేదీ అడగరు. మా ఇల్లు మీకు నచ్చలేదేమో, ఆ కోపం మా అమ్మాయి మీద చూపిస్తారేమోనని..."

"సరిగా నిద్ర కూడా పోవట్లేదండీ ఈయన," అన్నారు అత్తగారు.

ఆ మాట విన్నాక నిజం ఎలా చెప్పను? నా మౌనం ఆ పెద్దాయన్ని ఇంత బాధపెట్టిందని నాకు తెలియనే తెలియదు. సిగ్గేసింది, జాలేసింది. కోను మొత్తం తినేశాను.

మంగినపూడి చేరేసరికి నా ఎడమ బుగ్గ కంటిని మూసేసే దాకా వచ్చింది. ఇసుకలో ఆయన మళ్లీ ఐస్‌క్రీమ్ బండి వైపు నడవడం చూసి లావణ్య ఇక ఆగలేకపోయింది.

"నాన్నా, ఆపండి! ఆయనకి పన్ను నొప్పి. ఐస్‌క్రీమ్ అడిగింది నా కోసం!"

మావగారు అక్కడే నిలబడిపోయారు. నా బుగ్గ చూశారు. ఆయన మొహం వాడిపోయింది.

"నేనింకా మీకిష్టమని సంబరపడ్డాను బాబూ," అన్నారు. వెళ్లి ఒక కోను తెచ్చి, టాన్సిల్స్ ఊసెత్తకుండా కూతురి చేతిలో పెట్టారు. తర్వాత నా పక్కన కూర్చుని మెల్లగా అడిగారు. "మరి మీకు నిజంగా ఏమిష్టం?"

ఈసారి "ఏం లేదండీ" అనబుద్ధి కాలేదు. బుగ్గ పట్టుకుని మనసులో ఉన్నదే చెప్పాను.

"మీతో ఇలా కారులో తిరగడం బాగుంది మావయ్యగారూ. నాకిదే ఇష్టం."

ఆయన మొహం మళ్లీ వెలిగింది. నా మనసు తేలికపడింది. పన్ను తప్ప అందరం సుఖంగా ఇల్లు చేరాం.

తర్వాతి ఆదివారం తెల్లవారీ తెల్లవారకముందే మా వాకిట్లో హారన్ మోగింది. "అల్లుడుగారూ, ఈవేళ హనుమాన్ జంక్షన్ వైపు పోదాం, రండి!" ఆ పై ఆదివారం, ఆ పైదీ అంతే. ఏళ్లు గడిచినా అంతే. పని ఉందంటే వినరు, జ్వరమంటే మొహమాటమంటారు. ఆదివారం పూట నిద్ర ఎలా ఉంటుందో మర్చిపోయాను.

అందుకే కృష్ణమ్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మా మావగారి ముందు ఫలానాది నాకిష్టమని నోరు జారను. మొన్న ఆదివారం ఆయన కారు రాకపోతే నేనే పదిసార్లు వాకిట్లోకి వెళ్లి చూశానన్న సంగతి మాత్రం, దయచేసి ఆయన చెవిన వేయకండి.