సుంకం గురవయ్య మనవడు

గురజాలలో కిరాణా కొట్టు నడిపే బాలకోటయ్యకు భార్య పోయాక సాయంత్రాలు గడవడం కష్టమైంది. విజయవాడలో ఉద్యోగం చేస్తున్న కూతురు సింధూజ రోజూ ఫోన్ చేస్తుంది గానీ, "తిన్నావా నాన్నా?" దగ్గరే మాటలు అయిపోతాయి. ఆ ఖాళీలోనే అతనికి తాత మీదికి మనసు పోయింది.

తాతను అతను చూసింది లేదు. పేరు గురవయ్య అనీ, నైజాం కరోడ్‌గిరిలో, అంటే సరిహద్దు సుంకాల కొలువులో పనిచేశాడనీ మాత్రం తెలుసు. కృష్ణకు ఇవతల ఇంగ్లీషువాళ్లు, అవతల నైజాం ఏలిన రోజులవి. చిన్నప్పుడు అడిగితే తండ్రి కసిరేవాడు.

"మమ్మల్నొదిలేసి పోయినోడి ఊసు నీకెందుకురా?"

నరసరావుపేట కలెక్టరాఫీసులో తాత కొలువు కాగితాల కోసం అడిగితే హైదరాబాదు పొమ్మన్నారు. హైదరాబాదులో ఉర్దూ కాగితాల ముందు కూర్చుని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. తాత అన్నగారి మునిమనవడు రాజ్‌కుమార్ ఊళ్లోనే బట్టల కొట్టు నడుపుతున్నాడు. అతన్నీ అడిగాడు.

"ఇప్పుడయ్యన్నీ ఎందుకు బాబాయ్? షుగర్ చూపిచ్చుకుంటన్నావా లేదా?" అన్నాడతను.

చివరికి కొట్టుకు బియ్యం తెచ్చే లారీ డ్రైవరు ఒక మాట చెప్పాడు. ఏటి అవతల వాడపల్లిలో రాఘవమ్మ అనే ముసలమ్మ ఉందట. ఆమె తండ్రి ఆ రోజుల్లో రేవులో పుట్టి అనే బుట్టపడవ మీద జనాన్ని, సరుకుల్ని దాటించేవాడట. ఆదివారం బాలకోటయ్య బస్సెక్కి, పొందుగల వంతెన దాటి వెళ్లాడు.

రాఘవమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. చూపు ఆనదు గానీ మాట గట్టిది. గురవయ్య పేరు చెప్పగానే చెయ్యి చాచి అతని మొహం తడిమింది.

"సుంకం గురవయ్య మనవడివా? ఇన్నేండ్లకు ఒక్కరొచ్చిండ్రు బిడ్డా."

ఆమె తండ్రి పుట్టి ఒడ్డుకు చేరినప్పుడల్లా సరుకు చూసి సుంకం కట్టించేది గురవయ్యే. ఒకనాడు అతని సొంత అన్నే తవుడు బస్తాల కింద బట్టల మూటలు పెట్టుకుని ఏరు దాటాడు. గురవయ్య బస్తాలు విప్పించాడు. నలుగురి ముందూ అన్నచేత సుంకం కట్టించాడు.

"నువ్విక ఈ ఒడ్డునే చావు, మా ఒడ్డుకు రాకు అన్నడు మీ పెదతాత," అంది రాఘవమ్మ. "మీ నాయనమ్మను, మీ నాయనను తన ఇంట్లనే ఉంచుకున్నడు. ఈ ఒడ్డోళ్లు పరాయోడన్నరు, ఆ ఒడ్డోళ్లు నైజామోడన్నరు. ఒక్కడే వండుకుని ఒక్కడే తినేది."

"మమ్మల్ని ఒద్దనుకున్నాడనేవాడే మా నాయన."

"ఒద్దనుకునుడా? పండుగ పండుగకు మిర్యాలగూడెం పోయి మిఠాయి తెచ్చేటోడు. మా అయ్య చేతికిచ్చి, నా కొడుక్కియ్యి అనేటోడు. పొట్లం కట్టింది కట్టినట్టే తిరిగొచ్చేది. అప్పుడు నన్ను పిలిచి, నువ్వు తినవే రాగీ, అనేటోడు." ఆమె మళ్లీ అతని చెయ్యి వెతికి పట్టుకుంది. "మీ నాయన మిఠాయంత నేనే తిన్న, బిడ్డా."

బాలకోటయ్య నులకమంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మరి మా నాయనకి తెలుసా?"

"ఎట్ల తెలుస్తది? మీ పెదతాత మనుషులు రేవుకాడ్నించే తిప్పి పంపేటోళ్లు."

గురవయ్య జ్వరంతో పోయాడు. అన్న ఇంటికి కబురు పంపినా ఎవరూ రాలేదు. రాఘవమ్మ తండ్రే ఇసుకలో చితి పేర్చి నిప్పు పెట్టాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

బాలకోటయ్య ఏటికి దిగాడు. పురోహితుడు లేడు, మంత్రాలు రావు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి దోసెడు నీళ్లు తర్పణం వదులుతూ, "గురవయ్యా" అన్నాడు. తాతను అలా పేరుపెట్టి పిలవొచ్చో లేదో తెలియలేదు. తర్వాత చనిపోయిన తండ్రి పేరు చెప్పి ఇంకో దోసెడు వదిలాడు. "నాయనా, ఆయన పంపించాడంట," అన్నాడు. నాటు పడవలో వల సర్దుకుంటున్న మనిషి తలెత్తి చూసి, మళ్లీ తన పనిలో పడ్డాడు.

ఆ సాయంత్రం సింధూజ ఫోన్ చేసింది. చెప్పాల్సింది చానా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "తిన్నానమ్మా," అన్నాడు.