సీసం జాడ పట్టిన రూతమ్మ మేడం

ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి మెట్లు దిగుతూ రూతమ్మ మేడం గుండెపోటుతో కన్నుమూశారని ఫోను వచ్చింది. మనస్సు అంగీకరించలేదు. ముందురోజే కరీంనగర్‌లోని మా కళాశాల ప్రయోగశాలలో ఆమె పక్కన నిలబడి పనిచేశాను. నేను ఆమె శిష్యురాలిని, ఆ తరువాత సహాధ్యాపకురాలిని.

గోదావరి తీరపు బొగ్గుగనుల కాలనీలో, తండ్రి గని నుంచి వచ్చేదాకా గుమ్మం వదలని తల్లిని చూస్తూ ఆమె పెరిగారు. ఆ ఆందోళనే సంక్రమించిందేమో, ఏ ఫలితాన్నీ సులభంగా విశ్వసించేవారు కారు.

నీటిలో కరిగిన సీసాన్ని పసిగట్టే ఎలక్ట్రోడు ఆమె జీవితకాల పరిశోధన. ఎలక్ట్రోడులోని వట్టి కార్బన్ ఉపరితలం మీద నీటిలోని ప్రతి పదార్థమూ వాలి సంకేతాన్ని చెడగొడుతుంది. అందుకే దానిపై సీసాన్ని మాత్రమే పట్టుకునే పాలిమర్ పూత వేసేవారు. "పూత మందమైతే ఎలక్ట్రోడు చెవిటిదైతది బిడ్డా, మరీ పలుచనైతే ఊరందరి ముచ్చట ఇంటది" అనేవారు.

నిరుడు ఎండాకాలం, ఆసిఫాబాద్ దిక్కు ఊరి సర్పంచ్ లచ్చన్న తమ బడి బావి నీళ్లు తెచ్చాడు. ఒక ఎలక్ట్రోడు సీసం ఉందన్నది, మరొకటి లేదన్నది.

"పిల్లలు గవే తాగుతున్రు మేడం. ఉన్నదా లేదా, ఒక్క మాట చెప్పుండ్రి."

"నాకింకా ఎరుకైతలేదు. ఎరుకయ్యేదాక తాగనియ్యకుండ్రి."

"గీ ఎండల వేరే నీళ్లు యాడికెల్లి తేవాలె?"

ఆమె ఆ నీళ్లను మళ్లీ పరీక్షకు పెట్టారు. ఆ వారమంతా అన్నం సహించలేదు. "లేదని చెప్పి తప్పైతే పోరగాండ్లు ఆగమైతరు" అంటూనే పూతలు చెరిపి, మళ్లీ వేశారు. చివరకు తేలింది. బావిలో కుళ్లిన ఆకుల మడ్డి కొన్ని ఎలక్ట్రోడుల పూతను కప్పేసి, సీసాన్ని దాని దరికి చేరనివ్వడం లేదు. మడ్డిని ఆపే మరో సన్నని పొర పైన వేశాక ఎలక్ట్రోడులన్నీ ఒకే మాట చెప్పాయి, సీసం ఉందని. బావి పక్కనే సీసపు పలకలుండే పాత బ్యాటరీలు పగులగొట్టేవారట.

బావి మూయించారు. ఆమె మాత్రం సంతోషించలేదు. "ఇన్ని దినాలు తాగినోళ్ల సంగతేంది?" అంటూ పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయించేదాకా డాక్టర్లను వదల్లేదు.

మేడం అంత్యక్రియలయ్యాక సమాధుల తోటలో లచ్చన్న నా దగ్గరికి వచ్చాడు.

"బడిల కొత్త బోరు ఏసిన్రు. రేపు నీళ్లు పట్టుకొస్తనని మేడంకు చెప్పి ఉంటి. ఇగ ఎవలు చూస్తరు?"

"తీసుకరాండ్రి, నేను చూస్త" అన్నాను.

పూత వేసే విద్య ఆమె నాకు ధారపోశారు. దాహంతో ఉన్న ఊరి ముందు నిలబడి 'ఎరుకలేదు' అని చెప్పే ధైర్యం మాత్రం ఎవరూ ఎవరికీ ఇచ్చేది కాదు. అది ఆమెతోనే మట్టిలో కలిసిందేమోనని నా దిగులు. ఆ పూజ్యురాలికి నమస్కరిస్తూనే, రేపటి నీళ్లకు భయపడుతున్నాను.