నీళ్ళ అడుగున నిద్రపోయే నావ

ఫైబర్ పడవకి పనే ఉండదనీ, చెక్క పడవంటే చాకిరీ తప్ప మరేమీ కాదనీ ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను బడిలో నేర్చింది తక్కువే. ఆ మాట నిజం కాదని మాత్రం మా రైల్వే క్వార్టర్ల దగ్గరి తెలీబంధా చెరువులో నడుంలోతున నిలబడి నేర్చుకున్నాను.

రైల్వేలో ఉన్న రోజుల్లో నాకో చిన్న నావ ఉండేది, అక్కడివాళ్ళు సరయీ అనే సాల చెక్కతో చేసింది. సెలవు రోజున నేనూ మా ఆవిడా అందులో కూర్చుని, గాలం వేసి, చేప పడినా పడకపోయినా పొద్దువాలేదాకా తేలుతూ ఉండేవాళ్ళం. క్వార్టర్‌లో నోరు విప్పని మనిషి, నావ కదిలితే చాలు పుట్టింటి సంగతులన్నీ చెప్పేది. గట్టు తగలగానే ఆ మాట ఆగిపోయేది. అందుకే ఆ నావంటే నాకు ప్రాణం.

ఏటా గుగ్గిలం నూనెలో కాచి పలకల సందులకు పూసేవాణ్ణి. ఎండలు ముదిరాక రాళ్ళు వేసి నావను నీళ్ళలో ముంచేసేవాణ్ణి, ఎండితే పలకలు విడిపోతాయని. ఆకుపచ్చని నీళ్ళ అడుగున అది నిద్రపోతున్నట్టుండేది. మేము కూర్చునే చోట చేపపిల్లలు తిరిగేవి.

ఒక వేసవిలో నేను రైల్వే లైన్ పని మీద పై ఊళ్ళకి వెళ్ళినప్పుడు మా బావమరిది వచ్చాడు. విశాఖలో ఫైబర్ పడవలు చేసే షెడ్డులో అతని పని. నేను తిరిగొచ్చేసరికి నావ గట్టుమీద బోర్లించి ఉంది.

“నావ ములిగిపోనాది బావా. నలుగుర్ని పిల్చి లాగించీసేను. బాగా ఆరబెట్టేను, ఇంక భయం నేదు” అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

పలకల మధ్యనుంచి అవతలి వెలుగు కనిపిస్తోంది.

“నిద్రపోతున్నదాన్ని పట్టుకుని శవమనుకున్నావురా” అన్నాను.

అతను నొచ్చుకుని, పైన ఫైబర్ గుడ్డ అంటించేస్తే ఇక చూసుకోనక్కర్లేదన్నాడు. లోపల చిక్కుకున్న తడికి చెక్క కుళ్ళదా అన్నాను. ఎండకి పాలిపోయిన పడవలూ, రాయి తగిలి చీలిన పడవలూ అతుకుల కోసం తన షెడ్డుకే వస్తాయని చెప్పినవాడూ అతనే. ఫైబర్‌కి చెదపట్టదు, ఏటేటా గుగ్గిలం అక్కర్లేదు. ఆ గొప్ప నేను కాదనను. చెక్క ఏటా చాకిరీ అడుగుతుంది, ఫైబర్ ఆలస్యంగా అడుగుతుంది, అంతే.

నావను మళ్ళీ ముంచాం. పొద్దున్నే దిగి కాలివేళ్ళతో సందులు తడిమేవాణ్ణి. పలకలు మెల్లగా ఉబ్బి ఒకదాన్నొకటి చేరుకుంటున్నాయి. మా ఆవిడ గట్టున నిలబడి చూసేది.

వానలు మొదలయ్యాక పైకి తీశాం. ఒక్క సందు మాత్రం, గుగ్గిలం పెట్టినా, చెమర్చడం మానలేదు. ఇక మా ఆవిడ నావ ఎక్కదేమో అనుకున్నాను. ఆవిడ వంటింటి గిన్నె ఒకటి ఒళ్ళో పెట్టుకుని నావలో కూర్చుంది.

“చలో, నేను నీళ్ళు తోడుతుంటాను, మీరు తెడ్డెయ్యండి. మా పుట్టింటి మాట ఎక్కడ ఆపేను?”