మా పక్కింటి రాజుగారికి ఒక వన్స్ మోర్

మెల్బోర్న్ శివారు ట్రుగనీనాలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక రేకు కంచె. మేం ఆ ఇంట్లో చేరిన కొత్తలో ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే, కంచె అవతల ఎవరో పాడుతున్నారు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ సాగదీత, ఆ విరుపు నాకు బాగా తెలుసు. మా నాన్న తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. నా చిన్నతనం చాలావరకు తెర వెనక చాప మీదే గడిచింది. తొంగి చూస్తే, లుంగీ కట్టుకున్న పెద్దాయన ఒకరు కరివేపాకు మొక్కకు నీళ్ళు పోస్తూ, దానికే పాట వినిపిస్తున్నారు.

ఆయన సింహళంలో పేరుమోసిన నటుడని తర్వాత తెలిసింది. భార్య పోయాక కూతురు తన దగ్గరికి తెచ్చుకుందట. ఆయన నన్ను 'దువ' అంటారు, వాళ్ళ భాషలో కూతురని. నేను ఇక్కడి అలవాటు కొద్దీ అంకుల్ అంటాను. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇద్దరిదీ అంతంతమాత్రం కాబట్టి గొడవ లేదు.

బడి హాల్లో ఆడవేషంతో మొదలుపెట్టి, ఊరూరా నాటకాలాడి, సినిమాలు చేసి, టీవీ సీరియళ్ళ దాకా ఆయన వెయ్యని వేషం లేదు. దొంగ, పోలీసు, తాగుబోతు, భిక్షువు, గయ్యాళి కోడలికి నోట్లో నాలుక లేని మామ. ఎన్ని సినిమాలంటే ఆయనకే తెలియదు. తెర మీద తండ్రి చచ్చిపోతుంటే చూడలేక కూతురు చిన్నప్పుడు సినిమాకే వెళ్ళేది కాదట. ఇక్కడి శ్రీలంక సరుకుల కొట్లో బిల్లు వేసే అమ్మాయి ఇప్పటికీ కౌంటరు దాటి వచ్చి మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెడుతుంది. ఈయన ఎండుచేపల పొట్లం పట్టుకున్న చేత్తోనే దీవిస్తారు.

ఓ రోజు టీ తాగుతూ మన వన్స్ మోర్ సంగతి చెప్పాను. పద్యం బాగుంటే జనం మధ్యలోనే అరుస్తారని, చచ్చిపడిన పాత్ర కూడా లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తుందని. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

"మా దగ్గర పాట మధ్యలో ఎవరూ నోరెత్తరు దువా. చప్పట్లు చివర్లోనే. ఇన్నేళ్ళలో నన్ను మళ్ళీ పాడమన్నవాళ్ళు లేరు," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నాకు మనసు చివుక్కుమంది.

ఈమధ్య కొలంబో నుంచి ఒక నాటక బృందం మెల్బోర్న్ వస్తూ, ఆయన ఒకప్పుడు వేసిన రాజు వేషాన్ని ఒక్క రంగానికి ఆయన్నే వెయ్యమంది. కూతురు వద్దంటే వద్దంది. పోయిన చలికాలం న్యుమోనియా వచ్చి వెళ్ళాక, చెత్త బిన్ను రోడ్డు దాకా లాగినా ఆయనకు ఆయాసమే.

"ఓడిపోయిన రాజు అడవిలో పాడే పాట ఒక్కటే. రెండో చరణం బాగా పైకి వెళ్తుంది. అక్కడ గొంతు ఆగిపోతే మావాళ్ళకు నేను అలాగే గుర్తుండిపోతాను," అన్నారు నాతో. అయినా ఒప్పుకున్నారు. నటుడి జబ్బు మందులకు లొంగేది కాదు.

శనివారం షో. నన్నూ మా ఆయన్నీ తీసుకెళ్ళి కూతురు తన పక్కనే కూర్చోబెట్టుకుంది. కిరీటం లేని రాజు వచ్చి మొదటి చరణం హాయిగా పాడారు. రెండోది ఎత్తుకున్నారు. పైకి వెళ్తూ వెళ్తూ ఊపిరి తెగింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. హార్మోనియం ఆయన కోసం ఒకే స్వరం మీద ఆగింది. కూతురు ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది.

నేను లేచి "వన్స్ మోర్!" అని అరిచాను. ఆలోచించి చేసిన పని కాదు, తెనాలి రక్తం. హాలు హాలంతా నా వైపు తిరిగింది. ఈవిడకు పూనకం వచ్చిందనుకుని ఉంటారు.

మా ఆయనది వరంగల్. నా కొంగు పట్టి లాగాడు. "ఏందే, గట్ల ఒర్లుతున్నవ్? కూసో! ఎవ్రీవన్ ఈజ్ లుకింగ్!"

రాజుగారు కూడా చూశారు. ఆయనకు అర్థమైంది. నోరు మూసి, నిదానంగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదటి నుంచి అన్నట్టు హార్మోనియం వైపు చెయ్యి ఊపారు. ఈసారి తొందరపడలేదు. రెండో చరణానికి ముందు అట్టచెట్టును ఆనుకుని కాసేపు నిలబడ్డారు, అది కూడా రాజు దుఃఖంలాగే ఉంది. పైకి వెళ్ళారు. గొంతు కాస్త వణికింది గానీ అందింది. పాట మధ్యలో నోరెత్తని జనం చప్పట్లు ఆపలేదు. నాకు ఏడుపొచ్చేసింది, సంతోషానికే.

మర్నాడు బట్టలు ఆరేస్తుంటే ఆయన కంచె మీదుగా కరివేపాకు రెబ్బలు అందించారు.

"దువా, మీ ఊళ్ళో బాగా పాడితేనే కదా వన్స్ మోర్ అంటారు?"

"అవునంకుల్."

"నిన్న నువ్వు అన్నప్పుడు నేను బాగా పాడలేదు."

అబద్ధం చెప్పాలనిపించలేదు. "పాడలేదంకుల్," అన్నాను.

"మరి బాగా పాడాక ఎందుకు అనలేదు? ఎంతసేపు ఎదురుచూశానో తెలుసా?"

బట్టల బుట్ట కింద పెట్టి, వీధి వీధంతా వినపడేలా అరిచాను.