పై వరుసకు అందని చెయ్యి

నేను మద్రాసులో పుట్టి పెరిగినవాణ్ణి. ఉద్యోగం మాత్రం ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో దొరికింది. ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు. లైను మీద మాత్రం పొద్దస్తమానం మనుషులే. డ్యూటీ అయిపోయినా ఫోను చెవి దగ్గర్నుంచి తీసేవాణ్ణి కాదు. కడప ఆపరేటరుతో కబుర్లు, లైను ఖాళీగా ఉంటే మద్రాసు ఆపరేటరుతో పోట్లాట. "వీనికి పెండ్లాం వస్తే ఆ యమ్మ కూడా ట్రంకాల్ బుక్ చేసుకోని మాట్లాడాల్సిందే" అనేవాడు మా సూపర్వైజరు.

తోటి ఆపరేటరు పెళ్ళికని పులివెందుల వెళ్ళి వస్తుంటే, తొండూరు దాటాక మా బస్సు వంకలోకి ఒరిగి పడిపోయింది. ఎవరూ చావలేదు. నా మీద ఎవరెవరో పడ్డారు. ఎవరిదో మోకాలు నా మెడ మీద ఉంది. పైనున్న కిటికీలోంచి మనుషుల్ని ఒక్కొక్కరినే లాగుతుంటే, అందరికంటే అడుగున ఉన్న నా వంతు చివర వచ్చింది. నా కుడి భుజం విరిగింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో కట్టు కట్టారు.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి ఎముక చక్కగా అతుక్కుందన్నాడు. అతుక్కుంది సరే, చెయ్యి భుజం దాటి పైకి లేవదు. మా బోర్డులో ట్రంకు లైన్లన్నీ పై వరుసలో ఉంటాయి. కడప, జమ్మలమడుగు, పులివెందుల, అన్నీ అక్కడే. ఎడమచెయ్యి కింది మీటల మీదే ఉండాలి. కుడిచేత్తో ఆ వరుసలో ప్లగ్గు గుచ్చి లైను కలపలేనివాడు ఆపరేటరు కాదు.

"సెలవు అయ్యేలోపల చెయ్యి లేస్తే సరి. లేకపోతే నిన్ను తపాలా ఆఫీసులో స్టాంపులు అమ్మే కాడ కూర్చోబెడతారు. నేనేం చేసేది లేదప్పా" అన్నాడు సూపర్వైజరు.

స్టాంపులు! రోజంతా లైను మీద ఒక్క గొంతు కూడా వినకుండా, స్టాంపులు చింపి చిల్లర లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం. ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద అరిచాను కూడా.

చెయ్యి ఒక్కటే అయితే ఏదోలా ఉండేది. నిద్ర పట్టేది కాదు. వీధిలో మోటారు హారను మోగితే ఒళ్ళంతా బిగుసుకుపోయేది. బస్సు కనబడితే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. దీన్ని జబ్బని ఎవరూ అనలేదు. ఒక్కరు కూడా చావని ప్రమాదానికి ఇంత భయమేమిటని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

ఆసుపత్రిలో వెనక ఒక గది ఉండేది. తలుపు మీద ఫిజియోథెరపీ అని ఇంగ్లీషులో రాసి ఉండేది గానీ, అందరూ చేతులు వంచే గది అనేవాళ్ళు. అక్కడ పనిచేసే ఆమె వేలూరులో చదువుకొని వచ్చింది, మా అమ్మ వయసు. గోడకు తగిలించిన చక్రం తిప్పించేది, తాడు లాగించేది, వేణ్ణీళ్ళ గుడ్డ వేసి భుజం పిసికేది. నొప్పికి నేను బూతులు తిడితే, "తిట్టు నాయనా, నన్ను తిట్టనోడు ఈ గదిలోకి ఇంతవరకు రాలే" అనేది.

సాయంత్రానికి చెయ్యి చెవిదాకా లేచేది. మళ్ళీ మూడో రోజు వచ్చేసరికి మొదటికి వచ్చేది. అలా ఎన్నోసార్లు జరిగాక ఒకరోజు ఆమె పని ఆపేసి నా ఎదురుగా కూర్చుంది.

"అబ్బీ, నేను వదులు చేసి పంపిన భుజాన్ని నువ్వు మళ్ళా బిగబట్టుకోని వస్తాండావు. యాడ బిగబడ్తాండావు?"

"నాకేం తెలుసు?"

"ప్రొద్దుటూరు నుంచి దేంట్లో వస్తాండావు?"

చెప్పక తప్పలేదు. పత్తి లారీల్లో వస్తున్నాను. మూటల మీద కూర్చుంటాను. పైన కప్పు లేదు, ఒరిగితే దూకేయొచ్చు. దారి పొడుగునా మూటలు కట్టిన మోకును కుడిచేత్తో చుట్టి పట్టుకుంటాను.

"బస్సుకేమొచ్చింది?"

నేను లేచి నిలబడి, బస్సు సంగతి మీకెందుకు, చెయ్యి సంగతి చూడండని అరిచాను. ఆమె గొడుగు తీసుకుంది.

"పా. ఈ పొద్దు ఎక్సర్‌సైజు ఆడనే."

ఆమె తీసుకెళ్ళింది బస్టాండుకు. ప్రొద్దుటూరు బస్సు నిలిచి ఉంది. ఆమె కండక్టరుకు నా సంగతి చెప్పి, తలుపు దగ్గరి సీట్లో నన్ను కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యి వేసింది. ఊపిరి వదులు, భుజం దించు, మళ్ళీ వదులు. గదిలో ఏం చేయించేదో అదే.

వెనక సీట్లో గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకున్న సాయిబు వంగి చూశాడు. "ఏందమ్మా, బస్సులోనే మాలీషా? నాకూ మోకాళ్ళు నొస్తాండాయి."

"చీటీ రాయించుకోని రాపో భాయ్."

డ్రైవరు క్లీనరు చేత బస్సు ముందున్న హ్యాండిల్ తిప్పించాడు. ఇంజను అందుకుంది, బస్సంతా వణికింది. నా భుజం చెవిదాకా ఎగబాకింది. లేవమని నేను అన్ని రోజులు బతిమాలిన భుజమే.

"చూస్తివా? బాధ ఎముకది కాదు. ఈ శబ్దానికి నువ్వు ఇంకా ఆ వంకలోనే పడి ఉండావు" అంది ఆమె మెల్లగా.

నేను దిగిపోయాను. కండక్టరుని తోసేసి మరీ దిగాను. "ఏం మద్రాసు మర్యాదప్పా!" అని వాడు వెనకనుంచి అరిచాడు.

తర్వాత వెళ్ళిన ప్రతిసారీ గదిలో సగం పని, బస్టాండులో సగం పని. ఇంజను వేసి ఉండగా కూర్చోవడం నేర్చుకోవడానికే బోలెడు సెలవు ఖర్చయిపోయింది. ఒకరోజు బస్సు కదిలింది. ఊరి బయట మొదటి స్టాపులో దిగి, ఎండలో వెనక్కి నడిచి వచ్చాను. ఆమె గడపలో నిలబడి, "నడిచొచ్చినావా? మంచిది. కూర్చో, చక్రం తిప్పు" అంది. మెచ్చుకోలు లేదు. నాకూ ఆనందమేమీ కలగలేదు, దాహమేసింది. మరోసారి రెండో స్టాపు దాకా పోయాను. ప్రొద్దుటూరు దాకా బస్సులో వచ్చిన రోజు చొక్కా పిండితే చెమట కారేట్టుంది. రూముకు వెళ్ళే ఓపిక లేక ఎక్స్ఛేంజీ బల్ల మీదే పడి నిద్రపోయాను. దెబ్బ తగిలాక అంత మొద్దునిద్ర పట్టడం అదే మొదలు.

సెలవు అయిపోయింది. సూపర్వైజరు చేతులు కట్టుకొని నా వెనక నిలబడ్డాడు. పులివెందులకు కాల్. నేను ప్లగ్గు తీసుకొని లేపాను. చెయ్యి చెవి దాటింది, ఇంకొంచెం పోయింది, ఆగింది. పై వరుస ఇంకా జానెడు దూరంలో ఉంది. ఊపిరి వదిలాను. మోచేతి కింద ఎడమచెయ్యి పెట్టి నెట్టాను. ప్లగ్గు దిగింది.

"ఒక ప్లగ్గుకు రెండు చేతులా?"

"లైను కలిసింది కదండీ."

ఆయన వంగి ప్లగ్గు కేసి చూశాడు. నాకు పోట్లాడే ఓపిక లేదు, ఏమన్నా పడదామనే కూర్చున్నాను.

"కలిసిందిలే. రద్దీ లేని పూట డ్యూటీ చెయ్యి. ఆ చేతులు వంచే డాక్టరమ్మ కాడికి పోవడం మాత్రం మానొద్దు."

"మూడు రోజులకోసారి పోవాలి. ఆ పూట సెలవివ్వాలి."

"ఇస్తా. యాభై మంది చేతుల పని ఒక్క చేత్తో చేస్తాండేవాడివి, ఇంక కొన్నాళ్ళు మెల్లగా చెయ్యి."

చెయ్యి దించి బల్ల మీద పెట్టుకున్నాను. భుజం సలుపుతోంది. ఇంకో కాల్ దీపం వెలిగింది, అదీ పై వరుసదే.