అల్లుని కాళ్లు కడిగిన తాంబాలం

“కాలు దాసుకుంటే తగ్గుతదానే?” అన్నడు నా పెనిమిటి. “నువ్ సప్పుడు జేయకుండ పండుకో” అన్న. గవే మా ఇద్దరి ఆఖరి మాటలు. తెల్లారేసరికి ఆయన లేడు.

నా ఎడమకాలుకు బోదకాలు. బిడ్డను బోధన్‌ల ఇచ్చినంక, వియ్యాలోళ్లకు తెల్వొద్దని ఏండ్లకొద్ది చీర కింద దాసిన.

పోయినేడు మాక్లూర్ దగ్గర మా ఊరికి నిజామాబాద్ కేబుల్ టీవీవాళ్లు వచ్చిండ్రు. బోదకాలు ఎట్ల కడుక్కోవాల్నో రోగులే చూపెట్టాలె అన్నది వాళ్లెంట వచ్చిన దవాఖాన నర్సమ్మ. ఎవ్వరూ లేవలే. ఆయన మాట యాదికొచ్చి నేను లేసిన. మొఖం టీవీల రాదన్నరు, గదే ధైర్యం. నా కాలు పట్టేంత గిన్నె లేక, పెండ్లిల అల్లుని కాళ్లు కడిగిన ఇత్తడి తాంబాలం తెచ్చిన. అండ్లనే సబ్బుతోటి కడిగి, మెత్తగ తుడిచి చూపెట్టిన.

టీవీల వచ్చిన తెల్లారే వియ్యపురాలు బస్సు దిగింది. “వదినా, గా టీవీల తాంబాలం మా పిలగాని కాళ్లు కడిగిందే గదా! అంచుకున్న నెమలిని మర్చిపోతనా?” అన్నది. బిడ్డ కాపురం ఏమైతదో అని చీర ఇంకింత కిందికి గుంజుకున్న.

ఆమె తలుపు దగ్గరికేసి చీర పైకి లేపింది. నా కాలు లెక్కనే ఆమెదీ బోదకాలు! “నేను గూడ మీకు తెల్వొద్దనే దాసిన. ఏదీ, గా తాంబాలం తే” అన్నది. ఇద్దరం నవ్వుకుంట కడుక్కున్నం.

ఇప్పుడు టీవీవాళ్లు పిలిస్తే ఇద్దరం పోతున్నం. మొఖాలు గూడ చూపెడుతున్నం.

ఇది రాస్తున్నది నా చెల్లె బిడ్డ రజిత. రజితా, సిగ్గుపడి ఏం ఇడిసిపెట్టలేదు గదా? ఏదీ, మొదటిసంది సదివి ఇనిపియ్యి.